జపనీస్‌లో సున్నా

దిబ్బలపాడు పురపాలక సంఘానికి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పైనుంచి రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఇది వచ్చిన రోజున మాత్రం మేనేజరు సత్తిరాజుగారు మూడుసార్లు మనసులో చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని, నాలుగోసారి అందరికీ వినబడేలా చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, చెత్త నిర్వహణలో ఆరితేరిన జపాను దేశపు ప్రతినిధి బృందము నాలుగు మాసములలో మీ పట్టణమునకు విచ్చేయుచున్నందున, అటెండర్లు మినహా సిబ్బంది యావన్మందియు స్వయంకృషితో జపనీస్ భాష నేర్చుకొనవలెను. ఇందు నిమిత్తము గురువులను నియమించరాదు. ప్రసార మాధ్యమములను, ఆన్‌లైన్ సమూహముల సహకారమును వినియోగించుకొనవలెను."

ఆ సమయానికి నూకరత్నం టీ ట్రేతో గుమ్మంలో ఉంది. ఔట్‌సోర్సింగ్ అటెండరు, యాభై రెండేళ్ల మనిషి. ఆమెకు జపనీస్ వచ్చు. రెండేళ్ల నుంచీ వచ్చు. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పుకోలేదు.

"సార్, స్వయంకృషి అంటే ఎవరింట్లో వాళ్లు నేర్చుకోవడమా?" అనడిగింది జూనియర్ అసిస్టెంటు మణిమాల.

"ఇంట్లో నేర్చుకుంటే నేర్చుకున్నట్టు ఆఫీసుకెలా తెలుస్తుంది?" అన్నారు కమిషనర్ కరుణాకర ప్రసాద్‌గారు. "అందరూ ఒకచోట కూర్చుని ఎవరికి వారు నేర్చుకోవాలి."

"అంటే అందరం కలిసి."

"కలిసి కాదమ్మా. ఒకేసారి విడివిడిగా."

మేనేజరుగారు మినిట్స్ పుస్తకంలో 'ఒకేసారి విడివిడిగా' అని రాసి కింద గీత గీశారు.

మర్నాటి నుంచి రోజూ మూడింటికి మీటింగ్ హాల్లో స్వయంకృషి మొదలైంది. ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగితే అది గురువును నియమించడం కిందికి వస్తుంది కాబట్టి హాల్లో మాటలు నిషేధం. ఎవరి సహాయమూ లేకుండా నేర్చుకున్నట్టు ప్రతి శనివారం ధ్రువపత్రం ఇవ్వాలి. దానిమీద ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. సంతకం పెట్టాలంటే కళ్లారా చూడాలి కదా. దాంతో ఒకరు నేర్చుకుంటుంటే ఇద్దరు ఎదురుగా కూర్చుని చూడాల్సి వచ్చింది. ముప్ఫై ఎనిమిది మంది సిబ్బందిలో ఎప్పుడు చూసినా నేర్చుకునేవాళ్లు పన్నెండు మందికి మించలేదు. పిల్లవాడి జనన ధ్రువపత్రం కోసం వచ్చినవాళ్లకి "సారు సాక్ష్యంలో ఉన్నారు" అని నూకరత్నమే చెప్పి పంపేసేది. పాపం, వాళ్లు కోర్టు పని అనుకుని గౌరవంగా వెళ్లిపోయేవాళ్లు.

ప్రసార మాధ్యమం అంటే ఏమిటన్నదాని మీద రెండు రోజులు ఫైలు తిరిగి, చివరికి జపాను కార్టూన్ అని తేలింది. గోడమీద తెర కట్టి వేశారు. కింద తెలుగు అక్షరాలు వస్తే అవే పాఠం చెప్పినట్టవుతుందని అభ్యంతరం రాగా, తెర కింది భాగానికి పాత ఫ్లెక్సీ గుడ్డ అడ్డం కట్టారు. మొదటి రోజు పన్నుల విభాగం గుమాస్తా ఒకచోట నవ్వాడు. అర్థమై నవ్వాడా, అర్థం కాక నవ్వాడా అని మేనేజరుగారు రాతపూర్వకంగా అడిగేసరికి, రెండో రోజు నుంచి ఎవరూ నవ్వలేదు.

ఇక సమూహ సహకారం. 'దిబ్బలపాడు జపనీస్ సహకార సమూహం' అని ఫోన్లలో ఒక గ్రూపు పెట్టారు. అందులో కమిషనర్‌గారూ మేనేజరుగారూ తప్ప ఎవరూ మాట్లాడ్డానికి వీల్లేకుండా తాళం వేశారు. మేనేజరుగారు పొద్దున్నే ఒక గులాబీ పువ్వు పంపేవారు. పది నిమిషాల్లో దానికి బొటనవేలు చూపించనివాళ్లను సహకరించనివారుగా నమోదు చేసేవారు.

నూకరత్నం గ్రూపు వేరు.

మొగుడు పోయాక, నలభై రెండో ఏట, వయోజన విద్య పలకమీద ఆమె అక్షరాలు దిద్దింది. వచ్చిన కొత్తలో కనబడిందల్లా చదివేది. బస్సుల మీది ఊళ్ల పేర్లు, బిస్కట్ పొట్లాలు, గోడమీది హెచ్చరికలు. ఆ ఊపులోనే ఒకనాడు ఫోన్లో ఒక జపాను ముసలావిడ కంటబడింది. ఆవిడ వంకాయల్ని ఉప్పులో ఊరేస్తోంది. మాట్లాడుతూనే ఉంది, కింద తెలుగు అక్షరాలు పరిగెడుతున్నాయి. నూకరత్నం వాటి వెంటపడింది. అందకపోతే ఆపి చదివింది. అలా ఆపీ ఆపీ చూడగా, పైమాటా కింది అక్షరమూ ఒకదాని పక్కన ఒకటి కుదురుకోవడం మొదలెట్టాయి.

ఆ వీడియోల కింద పరిచయమైన తెలుగువాళ్లు నూట పాతిక మంది 'తోటివాళ్లం' అని గ్రూపు పెట్టుకున్నారు. తునిలో నర్సు ఉంది, ఒంగోల్లో లారీలకు పువ్వులు గీసే పెయింటరున్నాడు, పాలమూరులో రిటైరైన డ్రాయింగు మాస్టారున్నారు. నియమం ఒక్కటే. ఆ రోజు చేసిన పని ఒక్క వాక్యం జపనీస్‌లో చెప్పాలి. తప్పు చెప్తే ఎవరో దిద్దుతారు. దిద్దింది తప్పైతే వాళ్లను ఇంకెవరో దిద్దుతారు. నూకరత్నం టైపు చెయ్యడం మెల్లి కాబట్టి నోటితోనే చెప్పి పంపేది. మాస్టారు రోజుకో జపాను అక్షరం గీసి పంపితే, పాత పలకమీదే దిద్దేది. ఒకసారి ఆమె అంది, "మాస్టారూ, ఇది మన మాటలాగే కూర్చుంటుందండి. నేను, నీళ్లు, తాగుతాను. అదే వరస. మాటలు మార్చుకుంటే చాలు." ఆ రోజు గ్రూపంతా ఆమె మాటే పట్టుకుని ముందుకూ వెనక్కూ వాక్యాలల్లింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జపానువాళ్లు 'ఇత్తె కిమాస్' అంటారని తెలిసినప్పుడైతే నూకరత్నం పొంగిపోయింది. ఇత్తె అంటే వెళ్లి. కిమాస్ అంటే వస్తాను. వెళ్తాననడం వాళ్లక్కూడా బాగోదన్నమాట, మనలాగే.

ఆ మాటే ఆమె మీదికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం హాల్లో కార్టూన్ నడుస్తోంది. ఒక కుర్రాడు సంచి భుజాన వేసుకుని "ఇత్తె కిమాస్" అని కేకేసి వీధిలోకి పరిగెత్తాడు. మేనేజరుగారు బొమ్మ ఆపి, స్వగతంలా, గోడకేసి చూస్తూ, "ఇత్తెకిమాస్ అనగా దాడి చేయండి అని నాకు స్వయంగా అనిపిస్తున్నది" అన్నారు. ముప్ఫై ఏడు మందికీ స్వయంగా అలాగే అనిపించింది. పుస్తకాల్లో రాసుకున్నారు.

టీ ఇస్తున్న నూకరత్నానికి నవ్వాగలేదు. "దాడేంటండీ. బడికి వెళ్లొస్తానంటున్నాడు, వాళ్లమ్మతో."

హాలు హాలంతా ఆమెకేసి తిరిగింది. మేనేజరుగారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

సాయంత్రానికల్లా మెమో వచ్చింది. మణిమాలే టైపు చేసి, మణిమాలే తెచ్చిచ్చింది.

"అటెండరుగా పనిచేయుచున్న శ్రీమతి నూకరత్నము, ఉత్తర్వు పరిధిలో లేకయుండియు, ముందస్తు అనుమతి లేకుండా ఒక విదేశీ భాషను నేర్చుకొని, విధి నిర్వహణలో సదరు భాషను అర్థము చేసుకొనుట జరిగినది. ఆమెను ఏల తొలగించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

నూకరత్నం కూడబలుక్కుని చదివింది. 'తొలగించరాదో' దగ్గర ఆగిపోయింది. ఈ ఉద్యోగం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. గదిలో ఒక్కతే ఉంటుంది. ఆ గదికి అద్దె కట్టేదీ, బియ్యం తెచ్చేదీ ఈ టీ ట్రేనే.

మూడో నాడు విచారణ. కమిషనర్‌గారు దయగల మనిషి. నిబంధన ఒప్పుకుంటే ఎవరినైనా వదిలేస్తారు.

"నీ అంతట నువ్వే నేర్చుకున్నావా అమ్మా?"

"నేనేనండి. మా గ్రూపులోవాళ్లు తప్పులు దిద్దేవాళ్లు."

"ఎంతమంది?"

"నాతో కలిపి నూట పాతిక మందండి."

"సార్," అన్నారు సత్తిరాజుగారు, "అంటే నూట పాతిక మంది గురువుల అక్రమ నియామకం."

"పోనీ ఎవరూ దిద్దలేదనుకోండి," అంది నూకరత్నం.

"అప్పుడది అనుమతి లేని స్వయంకృషి."

కమిషనర్‌గారు ఉత్తర్వు మరోసారి తిరగేశారు. "ఒక్కటే దారి. ఆమెకు జపనీస్ రాదని తేలితే నేరమే లేదు. రేపు సిబ్బందికి పరీక్ష పెడుతున్నాం కదా, ఈమెను కూడా కూర్చోబెట్టండి. తప్పితే నిర్దోషి."

బయటికొచ్చాక మణిమాల ఆమె చెయ్యి పట్టుకుంది. "రత్నం పిన్నీ, ఖాళీ కాగితం ఇచ్చెయ్. గొడవొదిలిపోతుంది."

"వేలిముద్ర వేసినన్నాళ్లు వేశాను మణీ. రాయడం వచ్చాక ఖాళీ కాగితం ఇమ్మంటావా?"

"ఉద్యోగం పోతుంది మరి."

"అదే కదా నా ఏడుపు," అంది నూకరత్నం. ఆ రోజు తోటివాళ్ల గ్రూపులో ఆమె వాక్యం ఒక్కటే. 'రేపు పరీక్ష. వచ్చిందే రాస్తాను.' డ్రాయింగు మాస్టారు దిద్దడానికి ఏమీ లేదన్నారు.

పరీక్షలో పాతిక మాటలకు అర్థాలు రాయాలి. ప్రశ్నపత్రం తయారు చేసింది సత్తిరాజుగారు. జవాబుల పట్టికా ఆయనదే. సిబ్బంది ఇబ్బంది పడకూడదని ముందురోజే దాన్ని సహకార సమూహంలో గులాబీ పువ్వుతోపాటు పంపించారు కూడా. నూకరత్నం ఆ గ్రూపులో లేదు. ఒక్కో మాటా చదువుకుని, ఒక్కో అక్షరం గుండ్రంగా రాసింది. ఇత్తె కిమాస్: వెళ్లొస్తాను. అనత: మీరు. గొమి: చెత్త. పాతికా రాసి, రెండుసార్లు సరిచూసుకుని, కళ్లు తుడుచుకుని కాగితం ఇచ్చేసింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

మేనేజరుగారు పట్టిక పక్కన పెట్టుకుని దిద్దారు. ఇత్తెకిమాస్: దాడి చేయండి. అనత: అనాథ. గొమి: గోవు. ముప్ఫై ఎనిమిది మందికీ పాతికకు పాతిక. నూకరత్నానికి సున్నా.

"ఒక్కటైనా తగల్లేదే," అన్నారాయన జాలిగా. "గొమి కూడా తెలీదా నూకరత్నం? గోవునే కాస్త కురచగా పిలుస్తారు."

కమిషనర్‌గారు సంతోషంగా సంతకం పెట్టారు. "సదరు ఉద్యోగినికి జపనీస్ భాష బొత్తిగా రాదని ధ్రువీకరించడమైనది. అభియోగము రద్దు." నూకరత్నం ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. సున్నా వచ్చినందుకు తోటివాళ్లు ఆ సాయంత్రం నూట ఇరవై నాలుగు అభినందనలు పంపారు.

సంబరం రెండు రోజులే. మూడో రోజు సత్తిరాజుగారు ఇంకో మెమో పట్టుకొచ్చారు. పరీక్ష రాసింది కాబట్టి నూకరత్నం జపనీస్ పథకం పరిధిలోకి వచ్చింది. పథకం పరిధిలో ఉండి పరీక్ష తప్పినవారిని నెలాఖరుకు తొలగించాలి.

"అప్పుడు వచ్చని తీసేస్తామన్నారు. ఇప్పుడు రాదని తీసేస్తారాండీ?"

"నాకు నీమీద కోపమేం లేదు నూకరత్నం. నిబంధన రెండువైపులా ఉంది."

ఈలోగా ముప్ఫై ఎనిమిది మందికి నూటికి నూరు మార్కులన్న నివేదిక పైకి వెళ్లింది. పైనుంచి జపాను వెళ్లింది. అక్కడివాళ్లు ఎంతో ఆనందించి, ఊరంతా మన భాష వచ్చినవాళ్లే ఉండగా దుబాసీ దేనికని, దుబాసీ లేకుండానే బయల్దేరారు.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులున్నాయనగా జీపు వచ్చి ఆగింది. పెద్దాయనొకరు, ఆయన వెనక ఇద్దరు. పెద్దాయన పేరు యమదా. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి కమిషనర్‌గారు యమడా అన్నారు. అది ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లేసరికి 'యముడా గారికి దిబ్బలపాడు ప్రజల ఘనస్వాగతం' అయింది. నూకరత్నం దానికేసి చూసి నోరు తెరిచి, జాకెట్లో కాగితం గుర్తొచ్చి, మూసేసుకుంది.

జపానువాళ్లు పంపిన కార్యక్రమ పట్టికలో రెండో అంశం 'గొమి సందర్శన'. అందుకని ఆవరణలో పసుపు రాసి, బంతిపూల దండ వేసి, ఒక ఆవును కట్టేశారు. అతిథులు దాన్ని చూసి తలలు వంచి నమస్కరించారు. "చూశారా, గుర్తుపట్టారు," అన్నారు సత్తిరాజుగారు.

హాల్లో కమిషనర్‌గారు స్వాగతోపన్యాసం చదివారు. చెత్తమీద యుద్ధం ప్రకటిస్తూ పిడికిలి పైకెత్తి చివరి మాట గట్టిగా అన్నారు. "ఇత్తెకిమాస్."

వెళ్లొస్తాను, అని విన్నారు అతిథులు. ఈయన ఎక్కడికో బయల్దేరుతున్నాడనుకుని, ముగ్గురూ లేచి వంగి, "ఇత్తె రష్షాయ్" అన్నారు. వెళ్లిరండి అని. అని, దారిచ్చి పక్కకు నిలబడ్డారు.

కమిషనర్‌గారు పిడికిలి ఇంకాస్త పైకెత్తారు. మళ్లీ అన్నారు. వాళ్లు మళ్లీ వంగారు. సత్తిరాజుగారు సైగ చేశారు. ముప్ఫై ఎనిమిది మందీ లేచి పిడికిళ్లెత్తి ఒక్క గొంతుతో "ఇత్తెకిమాస్" అన్నారు. ఇంతమంది ఒక్కసారే ప్రయాణం కడుతున్నారేమిటా అని యమదాగారు కంగారుపడి, స్వయంగా వెళ్లి తలుపు తీసి పట్టుకున్నారు.

"బయటికి పొమ్మంటున్నారు సార్," అన్నారు సత్తిరాజుగారు గొంతు తగ్గించి.

"పోకపోతే?"

"అతిథి మర్యాదకు భంగం సార్."

కమిషనర్‌గారు ముందు, మేనేజరుగారు వెనక, వరసగా అందరూ బయటికి నడిచారు. అతిథులు ఒక్కొక్కరికీ వంగి వీడ్కోలు చెప్పారు. హాల్లో ఆ ముగ్గురూ, టీ ట్రేతో నూకరత్నమూ మిగిలారు.

యమదాగారు ఖాళీ కుర్చీలకేసి చూసి, తనలో తను మెల్లిగా అన్నారు. "వీళ్లు తిరిగి వస్తారా?"

నూకరత్నానికి అర్థమైంది. నోరు విప్పితే పాత మెమో లేస్తుంది, ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు. విప్పకపోతే ఇంకో రెండు రోజులుంటుంది. కానీ ఇంత దూరం వచ్చిన ముసలాయన నిలబడే ఉన్నాడు, టీ చల్లారిపోతోంది.

"వస్తారండి," అంది జపనీస్‌లో. "ఎక్కడికీ పోలేదు, వాకిట్లోనే ఉన్నారు. మీరు కూర్చుని టీ తాగండి. అల్లం వేశాను."

యమదాగారు కుర్చీ చేత్తో వెతుక్కుని కూర్చున్నారు. తర్వాత ఆయన నవ్వు కిటికీల దాకా వినబడింది. టీ బాగుందన్నారు. ఎక్కడ నేర్చుకున్నావన్నారు. వంకాయలు ఊరేసే ముసలావిడ సంగతి చెప్పింది. మా ఆవిడా ఆమెను చూసే ఊరేస్తుంది, కానీ ఉప్పెక్కువ వేస్తుందన్నారాయన. చెత్త చూద్దామా అని ఆయనడిగితే, ఆఫీసు వెనకే ఉందండి, వాసనే దారి చూపిస్తుందంది.

వెనక గుట్ట దగ్గర ఒక గంట తిరిగారు. ఏ రోజు ఏ బండి వస్తుందో, తడీ పొడీ విడిగా తెచ్చినా ఇక్కడ ఎలా కలిపి పోస్తారో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయనతో వచ్చిన వాళ్లు రాసుకున్నారు. ఇంతలో దండ వేసిన ఆవు తాడు తెంపుకుని వచ్చి, గుట్టమీదెక్కి, అరిటాకులు ఏరుకోసాగింది. యమదాగారు ఆ వైపు వేలు చూపించి, "గొమి, గొమి" అని తల పట్టుకున్నారు.

"చూశారా సార్," అన్నారు సత్తిరాజుగారు, మేడెక్కి చూస్తూ. "ఆవును చూపించి గొమి అంటున్నాడు. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

కమిషనర్‌గారి బాధ వేరే. "సత్తిరాజుగారూ, ఆవిడ వాళ్లతో మాట్లాడుతోందేమిటండీ?"

"జపనీస్ కాదు సార్. ఆమెకు రాదని మన సంతకంతో కాగితం ఉంది."

"మరి ఏ భాష?"

సత్తిరాజుగారు గడ్డం నిమురుకున్నారు. "తెలుగే అయ్యుండాలి సార్. అతిథులకు తెలుగు వచ్చన్నమాట." జేబులోంచి కలం తీసి రాసుకున్నారు. 'పథకము యొక్క ప్రభావము వలన జపాను ప్రతినిధులు సైతము తెలుగున ప్రావీణ్యము సంపాదించిరి.'

వెళ్లేముందు యమదాగారు సందర్శకుల పుస్తకంలో ఒక పేజీ నిండా జపనీస్‌లో రాసి, జీపెక్కారు. దాని తెలుగు సాయంత్రంలోగా పంపమని పైనుంచి ఫోను. పుస్తకం ముప్ఫై ఎనిమిది బల్లల మీదుగా తిరిగి, వెళ్లినది వెళ్లినట్టే తిరిగొచ్చింది.

కమిషనర్‌గారు బెల్లు కొట్టలేదు. తానే లేచి, స్టవ్ దగ్గరికొచ్చారు.

"నూకరత్నంగారూ."

ఆ 'గారు' వినడం ఆమెకదే మొదలు. గ్లాసు కడగడం ఆపింది.

"ఇది కాస్త చదివి పెట్టాలి."

"నాకు రాదండి," అంది నూకరత్నం, జాకెట్లోంచి కాగితం తీసి చూపిస్తూ. "మీరే రాసిచ్చారు."

"అధికారికంగా రాదమ్మా. అనధికారికంగా చదువు."

చెయ్యి తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఆ పేజీలో ఏముందో ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. ఈమెను శాశ్వతం చెయ్యమని రాశారని చదివినా కాదనేవాళ్లు లేరు. నూకరత్నం ఆ సంగతి ఆలోచించింది కూడా. తర్వాత గొంతు సవరించుకుని, తెలియని గుర్తులొచ్చిన చోట రెండు ఫొటోలు తీసి తోటివాళ్లను అడిగి మరీ, ఉన్నదే చదివింది.

"చెత్త వేరు చెయ్యట్లేదు. గుట్ట చాలా చెడ్డగా ఉంది. ఆవు అరుగుదల గురించి దిగులుగా ఉంది. టీ బాగుంది. కిందటి జన్మలో చూసినవాళ్లలా ఆదరించారు. ఇత్తె కిమాస్."

"దాడి చేస్తారా?" అన్నారు కమిషనర్‌గారు.

"వెళ్లొస్తామంటున్నారండి. పరాయివాళ్లింటి నుంచి వెళ్లేటప్పుడు ఆ మాట అనరు. సొంతింట్లోంచి వెళ్తేనే అంటారు."

"వస్తారా? మళ్లీనా?"

"తారీఖు కూడా వేశారండి. వచ్చే ఏడాది, ఇదే వారం."

కమిషనర్‌గారు స్టవ్ పక్కన బల్లమీద కూర్చుండిపోయారు. తర్వాత సత్తిరాజుగారిని పిలిపించి, తలుపేసుకుని చాలాసేపు మాట్లాడారు. నూకరత్నం రెండుసార్లు టీ ఇచ్చింది. రెండుసార్లూ లోపల మాట ఆగిపోయింది.

మూడోసారి సత్తిరాజుగారే కాగితంతో బయటికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"నూటికి నూరు మంది ఉత్తీర్ణులైతే పైవారికి అనుమానము కలుగు అవకాశమున్నందున, పథకము యొక్క విశ్వసనీయత నిమిత్తము, జపనీస్ బొత్తిగా రాని వ్యక్తి ఒకరు కార్యాలయములో అవసరము. సదరు పోస్టులో శ్రీమతి నూకరత్నమును శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. ఆమెకు జపనీస్ రానంతకాలము కొనసాగవచ్చును. ఇందుకు రుజువుగా ఏటేటా పరీక్ష రాసి సున్నా తెచ్చుకొనవలెను."

"పేపరు మీరే దిద్దుతారాండీ?" అనడిగింది నూకరత్నం.

"నేను కాక ఇంకెవరికి వచ్చు?"

ఆమె అయిదింటికి సంచి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది. మణిమాల తలెత్తి అటూ ఇటూ చూసి, మెల్లిగా, "ఇత్తె రష్షాయ్, పిన్నీ" అంది.

"ఎవర్నడిగి నేర్చుకున్నావే?" అంది నూకరత్నం. "పర్మిషనుందా?"

అప్పట్నుంచీ నూకరత్నం ఇదివరకటికంటే కష్టపడి చదువుతోంది. పొద్దున్న గంట, సాయంత్రం గంట. మరి పొరపాటున ఒక్క జవాబు తప్పు రాసినా మార్కు వచ్చేస్తుంది.